ఎడమ పక్క చోటు

పోయిన వారం మనం ముస్తాక్‌ని గ్రౌండు మధ్యలో వదిలేసి వచ్చాం. పాపం, వాడింకా అక్కడే నిలబడి ఉన్నాడు.

ఏం జరిగిందో ఒక్కసారి తలుచుకుందాం. బెజవాడలో ఆ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుని ఏళ్ళ తరబడి సాకిన శౌరయ్య మాస్టారు డిసెంబరులో రిటైరయ్యారు. ఇంకో రెండేళ్ళు ఉండమని నోటితో అన్న యాజమాన్యం తీరా సమయానికి ఆ మాట మరిచిపోయి, ఒక శాలువా కప్పి పంపించేసింది. ఆయన స్థానంలోకి వెంకటకృష్ణారావనే కుర్ర కోచ్ ఏడాది కాంట్రాక్టు మీద వచ్చాడు. ఇంతలో గోవా నుంచి ఒక పెద్ద క్లబ్బు మనిషి, పేరు మెనెజెస్ అట, మన కుర్రాళ్ళలో ఒకణ్ణి చూడడానికి వస్తున్నాడని కబురు. నచ్చితే తీసుకుపోతారు. బంతి ఆడినందుకు నెలనెలా జీతం ఇస్తారు. ఆ ఒకడు తనే అనుకున్నాడు ముస్తాక్. కొత్త కోచ్‌ని బతిమాలి, రెండేళ్ళ క్రితం శౌరయ్య మాస్టారు తన దగ్గర్నుంచి లాక్కున్న ఫార్వర్డ్ చోటు మళ్ళీ ఇప్పించుకున్నాడు. రెండు గోల్స్ కొట్టాడు. ఆ మెనెజెస్ మాత్రం చప్పట్లయినా కొట్టలేదు. సగం ఆటలో కుర్చీలోంచి లేచి, "నేను చూడడానికొచ్చిన కుర్రాడు ఇవాళ ఆడ్డం లేదు" అని కోచ్‌తో ఒక్క ముక్క అనేసి ఆటో ఎక్కాడు.

ఆడని వాడెవడు? ముస్తాక్ కోసం తన చోటు వదులుకుని గీత బయట కూర్చున్న కెప్టెన్ సిద్ధార్థ. అందరి కళ్ళూ వాడి మీదికి తిరిగాయి.

"నన్నా?" అన్నాడు సిద్ధార్థ, నోట్లో నములుతున్న బబుల్‌గమ్ ఆపి. "నన్ను చూడ్డానికి గోవా నుంచి ఎవడొస్తాడ్రా? ఉయ్యూరు నుంచి మా నాన్నే రాడు."

ఎవరూ నవ్వలేదు. ముస్తాక్ అసలే నవ్వలేదు. వాడి కడుపులో రెండేళ్ళుగా ఒక మాట నలుగుతోంది. ఫస్టియర్లో తను ఫార్వర్డ్. జిల్లాలో అందరికంటే ఎక్కువ గోల్స్ తనవే. సెకండియర్ మొదట్లో ఒక పొద్దున్న శౌరయ్య మాస్టారు కారణం చెప్పకుండా, "రేపట్నుంచి నువ్వు లెఫ్ట్ బ్యాక్ ఆడు" అన్నారు. ముందుండి గోల్స్ కొట్టేవాణ్ణి తీసుకెళ్ళి వెనకాల ఎడమ పక్క గీతకి కాపలా పెట్టారు. ఆ ఫార్వర్డ్ చోటు సిద్ధార్థకి ఇచ్చారు. సరిగ్గా ఆ ఏడే సిద్ధార్థ తండ్రి బసవయ్య గారు, చెరుకు బాగా పండిన సంతోషంలో, జట్టుకంతా కొత్త జెర్సీలు కుట్టించారు. మనుషులన్నాక రెండూ కలిపి చూస్తారు కదా. ముస్తాకూ చూశాడు. పైకి మాత్రం ఒక్కనాడు అనలేదు.

ఇవాళ అనదలుచుకున్నాడు.

"బండి తియ్యి," అన్నాడు సిద్ధార్థతో. "గుణదల పోవాలి."

మేరీమాత తిరునాళ్ళు అయిపోయి మూడు రోజులు కాలేదు. కొండ కింద రోడ్డంతా ఊడదీసిన పందిళ్ళ గుంజలు, కొబ్బరి పీచు. శౌరయ్య గారింట్లో చుట్టాలు వెళ్ళిపోయారు కానీ వాళ్ళ చాపలింకా పిట్టగోడ మీద ఎండుతున్నాయి. వరండాలో మాస్టారు చేట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తున్నారు. కూత వేస్తే ఇరవై రెండు మంది ఆగిపోయే మనిషి, ఇప్పుడు భార్య రావమ్మ గారి ఆజ్ఞ మీద పుల్లలు వేరు, గింజలు వేరు చేస్తున్నారు. పని అంత కుదురుగా లేదని చేట చూస్తేనే తెలుస్తోంది.

"ఏరా, ఎన్ని కొట్టావు?" అన్నారు తలెత్తి. ఆటకి ఆయన వెళ్ళలేదు. కొత్తాయన గ్రౌండులో తను నిలబడితే పిల్లలు ఎవరి మొహం చూస్తారని, కావాలనే ఇంట్లో కూర్చున్నారు.

"కొట్టడమేంటి సార్? నేను బ్యాక్ కదా," అన్నాడు ముస్తాక్ ఎత్తిపొడుపుగా. అంతలోనే ఉండబట్టలేకపోయాడు. "రెండు కొట్టా. ఫార్వర్డ్ ఆడా. మీరు తీసేసిన చోట్లో."

శౌరయ్య చేతిలోంచి చింతగింజ జారిపోయింది.

"ఫార్వర్డ్ ఆడావా? మెనెజెస్ ముందు?"

"ఆడా. ఆయన చూడ్డానికొచ్చింది వీణ్ణంట." గేటు దగ్గర బండి మీద కూర్చున్న సిద్ధార్థ వైపు చెయ్యి చూపించాడు. "మీరే చెప్పుంటారు. చెప్పండి సార్, ఆ రోజు నా చోటు వాడికెందుకిచ్చారు? జెర్సీలు కుట్టించారనా? మా నాన్న పరుపులు కుడతాడు సార్, జెర్సీలు కుట్టించలేడు. అదేగా?"

అనేశాడు. రెండేళ్ళది ఒక్క గుక్కలో బయటపడింది. గేటు దగ్గర సిద్ధార్థ తల దించుకుని బండి అద్దం తుడుస్తున్నాడు, అక్కడ దుమ్ము లేకపోయినా. లోపలి గుమ్మంలో రావమ్మ గారు మంచినీళ్ళ గ్లాసుతో అట్లాగే ఆగిపోయారు.

శౌరయ్యకి కోపం వస్తుందనుకున్నాడు ముస్తాక్. రాలేదు. ఆయన మొహం పాలిపోయింది, అంతే.

"కూర్చో," అన్నారు. గచ్చు మీద చింతగింజలు గబగబా పేర్చారు. వెనక ఒకటి, దాని ముందు నాలుగు, వాటి ముందు నాలుగు, ముందు రెండు. "ఇది గోవా వాళ్ళ జట్టనుకో. రెండేళ్ళ క్రితం హైదరాబాదులో టోర్నమెంటు జరిగినప్పుడు ఈ మెనెజెస్, నేను ఒకే బల్ల మీద టీ తాగాం. ఇదిగో, ముందున్న ఈ రెండూ చూశావా? ఫార్వర్డులు. ఈ రెంటికీ వాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చుకుంటున్నారు. ఒక్కొక్కడు ఆరడుగులపైన. నువ్వెంతరా?"

ఎంతో వాడికి తెలుసు.

"నువ్వెన్ని గోల్సు కొట్టినా ఈ ఊళ్ళో చప్పట్లు కొడతారు. అక్కడ బెంచీ మీద కూర్చోబెడతారు. అది నేను చూళ్ళేను." వెనక వరసలో ఎడమ చివర ఉన్న గింజ మీద వేలు పెట్టారు. "ఆయన ఏమన్నాడంటే, గోల్ కొట్టేవాణ్ణి ఎక్కణ్ణుంచైనా తెచ్చుకుంటాం మాస్టారూ, ఎడమ కాలు పుట్టుకతో వచ్చిన లెఫ్ట్ బ్యాక్ ఒక్కడు దొరకట్లేదు అన్నాడు. కుడికాలోడు ఆ గీత పక్కన పరిగెత్తి బంతి లోపలికి కొట్టాలంటే ఆగాలి, తిరగాలి. నీకా బాధ లేదు. నీది పుట్టుకే ఎడమ కాలు. నా దగ్గరొకడున్నాడు, రెండేళ్ళాగి రండి అన్నా. ఆగాడు. వచ్చాడు. శౌరయ్య లెఫ్ట్ బ్యాక్ ఎక్కడని చూస్తే..."

"ఆ చోట్లో ఇవాళ ఎవరో జూనియర్ ఉన్నాడు," అన్నాడు సిద్ధార్థ గేటు దగ్గర్నుంచి, మెల్లిగా.

అప్పుడు అర్థమైంది ముస్తాక్‌కి. మెనెజెస్ చూడడానికొచ్చిన కుర్రాడు తనే. గ్రౌండు మీదే ఉన్నాడు. చోటు మాత్రం వేరే. రెండు గోల్స్ కొట్టి తన నోటి దగ్గర కూడు తనే తన్నేసుకున్నాడు.

"ఒక్క మాట చెప్పుంటే..." అన్నాడు.

"చెప్పకూడదనే చెప్పలేదు. వాళ్ళు రాకపోతే? క్లబ్బొస్తుంది, క్లబ్బొస్తుందని నీకు ఆశపెట్టి, చదువు మీద ధ్యాస పోయి, రేపు వాళ్ళు రాకపోతే నేను మీ నాన్నకి ఏం మొహం చూపించేది? నన్ను తిట్టుకున్నా పర్లేదు, ఆట నేర్చుకుంటాడులే అనుకున్నా." ఆయన ఒక గింజ తీసి వేళ్ళ మధ్య తిప్పారు. "తిట్టుకుంటున్నావని తెలుసులే. ట్యాకిల్ చేసినప్పుడల్లా నా మీద కసే కనిపించేది. అందుకే అంత బాగా చేసేవాడివి."

ఆ మాటతో ముస్తాక్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈ మనిషి గురించి వాడికి తెలియంది కాదు. శుక్రవారం ప్రాక్టీసు సమయానికి తను జుమ్మా నమాజు నుంచి ఇంకా వచ్చేవాడు కాదు. గ్రౌండుకి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి జట్టంతా ఖాళీగా నిలబడి ఉండేది, మాస్టారు పంపుతో బంతిలో గాలి కొడుతూ ఉండేవారు. "గాలి తగ్గిందిరా, ఇప్పుడే అయింది" అనేవారు. మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ బంతిలో గాలి తగ్గుతూనే ఉంది. ఎందుకు తగ్గుతోందో కనిపెట్టలేనంత మొద్దు కాదు తను. అయినా అంతటివాడిని జెర్సీలకి అమ్ముడుపోయాడనుకున్నాడు.

"క్షమించండి సార్," అని కాళ్ళ మీద పడబోయాడు. మాస్టారు భుజం పట్టుకుని ఆపారు.

"నా కాళ్ళెందుకు, నాకు మోకాళ్ళ నొప్పులు. వాడికి చెప్పు," అని గేటు వైపు చూపించారు.

ముస్తాక్ గేటు దాకా వెళ్ళాడు. బండి హ్యాండిల్ పట్టుకున్నాడు. సిద్ధార్థే అన్నాడు, "కాలేజీ మొత్తం అనుకుంటోందిరా ఆ జెర్సీల సంగతి. నాకు తెలీదనుకున్నావా? నువ్వు మాత్రం అన్లేదు, అందుకే నీతో తిరిగేవాణ్ణి. ఇవాళ అన్నావు. సర్లే, మాస్టార్నీ ఎక్కించు, ఆ మెనెజెస్ రేపు సాయంత్రం రైలుకి పోతాడు, ఈలోపు కొత్త కోచ్‌తో మాట్లాడదాం."

ఆ రెండేళ్ళూ వాడు తనతో ఏ అనుమానమూ లేకుండా టిఫిన్ పంచుకున్న సంగతి తలుచుకుని ముస్తాక్ సిగ్గుతో చచ్చిపోయాడు. అంతకంటే ఎక్కువగా సంతోషించాడు. ఇట్లాంటి వాళ్ళు తన చుట్టూ ఉన్నారని తెలియడానికి ఇంత తప్పు చెయ్యాల్సి వచ్చింది.

బండి మీద ముగ్గురు. మధ్యలో శౌరయ్య మాస్టారు, చేతులకింకా చింతపండు జిగురు. బెంజ్ సర్కిల్ దగ్గర పోలీసు చెయ్యెత్తాడు కానీ, మాస్టార్ని చూసి ఆ చెయ్యే సెల్యూటుగా మార్చుకున్నాడు. వాడూ ఒకప్పుడు ఆయన గోల్‌కీపరే.

పటమటలో వెంకటకృష్ణారావు అద్దెకున్న వాటా ముందు ఆగారు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి. అవనిగడ్డ వైపు కుర్రాడు. రాష్ట్రం తరఫున రైట్ వింగ్, అంటే అవతలి లెఫ్ట్ బ్యాక్‌కి ఎదురుగా కుడి గీత వెంబడి దూసుకెళ్ళే చోటు, ఆడినవాడు. తలుపు తీసి శౌరయ్య గారిని చూడగానే కంగారుగా లుంగీ సర్దుకుని, ఉన్న ఒక్క కుర్చీ ఆయనకి వేసి తను గోడకి నిలబడ్డాడు.

సంగతంతా విని తల పట్టుకున్నాడు. "వీణ్ణి ఏం ఆడతావని అడిగింది నేనేనండీ. ముందాడతానన్నాడు, సరేనన్నాను. మిమ్మల్ని ఒకసారి కలిసి జట్టు గురించి అడగాలనే అనుకున్నాను. మిమ్మల్ని అట్లా పంపించేశాక నేనొచ్చి అడిగితే పుండు మీద కారం చల్లినట్టుంటుందని ఊరుకున్నాను."

"నేనూ చెబుదామనే అనుకున్నానండీ. కొత్తగా వచ్చారు, నేనొచ్చి అలా చెయ్యండి ఇలా చెయ్యండంటే మీకు చిన్నతనంగా ఉంటుందని ఊరుకున్నాను."

ఇద్దరు మర్యాదస్తులు కలిసి ఒక కుర్రాడి బతుకుని ఎలా పాడుచేయగలరో చూడండి. ఒకరు కాస్త మోటుగా ఉన్నా ఈ కథ పోయిన వారమే సుఖాంతమయ్యేది.

"రేపు పొద్దున్న గ్రౌండు ఒక్క అరగంట ఇప్పించండి," అన్నారు శౌరయ్య. అడగడం ఆయనకి అలవాటు లేదు. ఆ గ్రౌండు నిన్నమొన్నటి దాకా ఆయనది. ఆ మాట కోసం ఆయన ఎంత కిందికి దిగారో ముస్తాక్‌కి తెలుసు. తన కోసం దిగారు.

వెంకటకృష్ణారావు గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. వచ్చే నెలలో ఇంటర్ కాలేజీ పోటీలు. ఈ జట్టులో ముస్తాక్ లేకపోతే ఎడమ పక్క తలుపు లేని ఇల్లే. మొదటి ఏడే ఓడిపోతే ఆయన కాంట్రాక్టు సంగతి యాజమాన్యం చూసుకుంటుంది. ఈ కుర్రాణ్ణి రేపు తన చేతులతో చూపించి పంపించేస్తే తన కాళ్ళు తనే నరుక్కున్నట్టు.

"ఇప్పిస్తానండీ," అన్నాడు చివరికి. "గ్రౌండుదేముంది."

వీధి చివర ఎస్టీడీ బూత్ నుంచి శౌరయ్య హోటల్‌కి ఫోన్ చేశారు. మెనెజెస్ ససేమిరా అని, తిట్టి, ఆఖరికి ఒక షరతు పెట్టాడు. కాలేజీ పిల్లల మీద ఆడితే తనకి ఏం తెలుస్తుంది? ఎదురుగా అసలు సిసలు రైట్ వింగర్ ఉంటేనే వస్తానన్నాడు. శౌరయ్య రిసీవర్ చేత్తో మూసి, బిక్కమొహం వేశారు. రాత్రికి రాత్రి రైట్ వింగర్ని ఎక్కణ్ణుంచి తెస్తారు?

"రమ్మనండి," అన్నాడు వెంకటకృష్ణారావు. "నేనున్నానుగా."

ముస్తాక్ ఆయన మొహంలోకి చూశాడు. ఆయన నవ్వలేదు.

"ఒక్క మాట ముస్తాక్. నేను వదిలిపెట్టి ఆడితే ఆయన ఇట్టే కనిపెట్టేస్తాడు, నీకే నష్టం. అందుకని వదలను. నిన్ను దాటుకుని నేను ఒక్క గోలైనా కొట్టానా, వచ్చే నెల పోటీల దాకా నువ్వు నాతోనే ఉండాలి. సరేనా?"

"సరే సార్," అన్నాడు ముస్తాక్. వెనకాల సిద్ధార్థ పళ్ళు నూరిన చప్పుడు వినిపించింది.

మర్నాడు పొద్దున్నే గ్రౌండుకి వించిపేట నుంచి ముస్తాక్ తండ్రి సైదావలి కూడా వచ్చాడు. పరుపుల కొట్టు తెరవకుండా ఆయన ఎక్కడికైనా రావడం ఇదే మొదలు. తలలో దూది ఇంకా అక్కడక్కడ అతుక్కునే ఉంది. కొడుకు పిక్కలకి కట్టే దూది ప్యాడ్లు ఆయన కుట్టినవే. పాత పరుపు గుడ్డ, పైన గట్టి నారకుట్టు. వాటిని తనే కట్టి, ముడి రెండుసార్లు లాగి చూశాడు.

"ఆడితే జీతమిస్తారా నిజంగా?" అన్నాడు మళ్ళీ. వారం నుంచి అదే ప్రశ్న.

"ఇస్తార్నాయనా."

"మీ నానమ్మ నమ్మట్లేదు. ఎవరో మోసం చేస్తున్నారంటోంది. జాగ్రత్త."

మెనెజెస్ టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిన్నటి కుర్చీలోనే కూర్చున్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. శౌరయ్య మాస్టారు జేబులోంచి పాత విజిల్ తీసి, వెంకటకృష్ణారావు వైపు అనుమతి కోసం చూశారు. ఆయన తల వంచి నమస్కారం పెట్టాడు. విజిల్ మోగింది.

మొదటి బంతికే దెబ్బ తిన్నాడు ముస్తాక్. వెంకటకృష్ణారావు ఎడమకి వంగినట్టు వంగి, కుడి పక్క నుంచి గాలిలా వెళ్ళిపోయాడు. ముస్తాక్ తిరిగి చూసేసరికి బంతి వలలో ఉంది. పందెం అప్పుడే అయిపోయింది. ఇచ్చిన మాట తన మీద కూర్చుంది.

"కాళ్ళు చూడకురా, నడుం చూడు," అన్నారు శౌరయ్య. రెండేళ్ళుగా రోజూ అన్న మాటే. ఇన్నాళ్ళూ అది తిట్టులా వినిపించేది.

ముస్తాక్ నడుం చూశాడు. రెండోసారి వెంకటకృష్ణారావు వచ్చినప్పుడు కాళ్ళు ఏం చేసినా పట్టించుకోలేదు. నడుం ఎటు తిరిగిందో అటు ఎడమ కాలు చాచాడు. బంతి శుభ్రంగా తన కాలికి వచ్చింది. మూడోసారీ అంతే. ఆ తర్వాత ఇక లెక్క పెట్టలేదు. తీసుకున్న బంతితో గీత వెంబడి పైకి పరిగెత్తి, ఆగకుండా తిరగకుండా ఎడమ కాలితో లోపలికి కొడితే, సిద్ధార్థ తలతో గోల్లోకి పంపించాడు. ఆ చోటు తనది. రెండేళ్ళు ద్వేషించిన ఆ చోటు తన కోసమే ఎవరో అట్టేపెట్టిన చోటు. ఎంత హాయిగా ఉందంటే, ఎదురుగా కుర్చీ ఉందన్న సంగతే మరిచిపోయాడు.

చూసేసరికి కుర్చీ ఖాళీ.

అంతలో వెనకే మాట వినిపించింది. మెనెజెస్ గీత పక్కనే, బూట్లకి సున్నం అంటేంత దగ్గరగా నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"శౌరయ్యా, రెండేళ్ళు ఆగింది వృథా కాలేదు," అన్నాడు తన గోవా హిందీలో. తర్వాత ముస్తాక్ వైపు తిరిగాడు. "సోమవారం క్యాంపు మొదలు. సాయంత్రం రైలుకి నాతో రా. రాలేనంటే చెప్పు, కేరళలో ఇంకొకణ్ణి చూసి ఉంచాను. మళ్ళీ ఈ ఏడాది నేను ఇటు రాను."

సైదావలి కొడుకు మొహంలోకి చూస్తున్నాడు. వెంకటకృష్ణారావు గడ్డిలో చతికిలబడి, రొప్పుతూ, బూటు లేసు విప్పుకుంటున్నాడు. ముస్తాక్ తనవైపే చూస్తున్నాడని తెలిసి చెయ్యి ఊపాడు.

"ఆ పందెం పంతానికన్నదిలే. మరిచిపో. వెళ్ళు."

అంత తేలిగ్గా అనేశాడు. తన ఉద్యోగం సంగతి ఒక్క ముక్క ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఆయన కాదంటే ఈ పొద్దు ఉండేదే కాదు. పందెంలో ఓడింది తను, మాట మరిచిపొమ్మంటున్నది గెలిచినాయన. ఇట్లాంటి మనిషిని వచ్చే నెల ఎడమ పక్క తలుపు లేని ఇంట్లో వదిలేసి పోవడమా? పోకపోతే, రెండేళ్ళు తిట్లు తిని తన చోటు తయారుచేసిన ఆ ముసలాయన కష్టమో?

ముస్తాక్ దిక్కుతోచక శౌరయ్య మాస్టారి వైపు చూశాడు. ఎప్పటిలాగే ఆయన ఒక్క ముక్కలో తేల్చేస్తారని. రేపట్నుంచి నువ్విక్కడ, లేదా నువ్వక్కడ. మాస్టారు బంతుల్ని వల సంచీలో వేసుకుంటున్నారు. ఆయన తల ఎత్తలేదు.

"అప్పుడు నిన్నడక్కుండా మార్చేశా," అన్నారు. "ఈసారి నేను మార్చను. ఏం ఆడతావో, ఎక్కడాడతావో, నువ్వే చెప్పరా."

గ్రౌండంతా ఎదురుచూస్తోంది. మెనెజెస్ గడియారం చూసుకున్నాడు. ముస్తాక్ ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఏం చెప్పాలో వాడికి తెలిసిపోయింది.

"సార్," అన్నాడు.

ఇద్దరు కోచ్‌లూ ఒకేసారి తలెత్తారు.